పసుపు సంచిలోకి పోతున్న వైద్యం

పొట్ట నుంచో తొడ నుంచో లైపోసక్షన్‌తో లాగిన కొవ్వును జాడీలో కాసేపు కదపకుండా ఉంచితే మూడు పొరలుగా విడిపోతుంది. పైన తేలేది పగిలిన కణాల నుంచి వచ్చిన పసుప్పచ్చని నూనె. అడుగున చేరేది నెత్తురు కలిసిన సెలైన్. మధ్యలో చిక్కగా నిలిచేది అసలు కొవ్వు. ఆపరేషన్ అయిపోగానే జాడీ ఖాళీ చేస్తారు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం మనిషి శరీరం నుంచి తీసిన కణజాలం పసుపు రంగు సంచిలోకి పోవాలి, అక్కడి నుంచి కాల్చేసే బట్టీకి చేరాలి. ఆ నిబంధనతో నాకు పేచీ లేదు. నా బాధంతా ఆ మధ్య పొరలో ఏముందో తెలిసి కూడా దాన్ని చెత్త లెక్కన చూస్తున్న మన వైద్యరంగం తీరు మీద.

ఆ పొరలో కొవ్వు కణాలతో పాటు వాటి మధ్య అల్లుకున్న సన్నని రక్తనాళాలు, ఆ నాళాల గోడల్ని అంటిపెట్టుకున్న మూలకణాలు ఉంటాయి. గ్రాముకు గ్రాము లెక్క చూస్తే ఎముక మజ్జలో దొరికే ఇలాంటి కణాల కన్నా వందల రెట్లు ఎక్కువ. వీటి కోసం ఎముకలోకి సూది దించక్కర్లేదు. దాత కోసం ఎదురుచూడక్కర్లేదు. రోగివి రోగికే కాబట్టి శరీరం తిప్పికొడుతుందన్న భయమూ లేదు. నెలల తరబడి మానని పుండు చుట్టూ ఈ కణాలను ఎక్కించి, కాళ్లు నిలబెట్టిన వైద్యులు ప్రపంచంలో ఉన్నారు. మన దగ్గర సర్కారు ఆసుపత్రికి కాలి పుండుతో వచ్చే షుగర్ రోగికి మాత్రం ఇలాంటిదొకటి ఉందన్న సంగతి కూడా తెలియదు. తెలిసిన మేం చెబుదామన్నా, వెళ్లమని చూపించడానికి ఒక చోటు లేదు.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జన్‌ని. మా డ్రెస్సింగ్ గదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రైతులు, కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. కట్టు విప్పేటప్పుడు గాజుగుడ్డ పుండుకు అతుక్కుపోతే సెలైన్ పోసి, నాననిచ్చి, నెమ్మదిగా తీయాలి. షుగర్ పుండు ఉన్న పెద్దాయన మాత్రం "నొప్పేం లేదు బాబూ, లాగెయ్యండి" అంటాడు. ఆయన జబ్బంతా ఆ మాటలోనే ఉంది. నరాలు చచ్చుబడి అరికాలికి స్పర్శ పోయింది. పొలంలో ముల్లు దిగినా, చెప్పులో రాయి ఉన్నా తెలియదు. బొటనవేలి కింద పుండు పడినా ఇంకొకరు చూసి చెప్పేదాకా తెలియదు. పుండు అంచు తెల్లగా గట్టిపడి ఉంటుంది. మానే పుండు అడుగు ఎర్రగా ఉండి ముట్టుకుంటే నెత్తురు చెమ్మగిలాలి. ఇక్కడ అది పాలిపోయి, జిగురుగా ఉంటుంది. స్టీలు ప్రోబ్ లోపలికి పోనిస్తే చివర గట్టిగా ఎముక తగులుతుంది. పక్కన నిలబడ్డ ఆయన భార్య అడిగేది ఒక్కటే: "కాలు దక్కుద్దంటారా బాబూ?"

ఆ ప్రశ్నకు మా దగ్గరున్న జవాబులు తక్కువ. కుళ్లిన కండ కోసేస్తాం. యాంటీబయాటిక్ ఇస్తాం. రక్తనాళం మూసుకుపోయి ఉంటే తెరిపించడానికి పంపుతాం. కాలి మీద బరువు పడకుండా కట్టు వేస్తాం. ఇవన్నీ చేసినా పుండు మొండికేస్తే ముందు వేలు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి కింది దాకా తీసేస్తాం. కాలు తీసేస్తే కథ ముగిసిందనుకుంటారు. కానీ బరువంతా రెండో పాదం మీద పడి, అక్కడా పుండు పడే ప్రమాదం పెరుగుతుంది. ఇలా కాలు పోగొట్టుకున్న షుగర్ రోగుల్లో సగానికి పైగా అయిదేళ్లు తిరక్కుండా చనిపోతున్నారని విదేశీ అధ్యయనాలు చెబుతున్నాయి. ఎన్నో క్యాన్సర్ల కన్నా దారుణమైన లెక్క ఇది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైమాటే. ప్రతి ముగ్గురు నలుగురు షుగర్ రోగుల్లో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కాలి పుండు వచ్చే అవకాశం ఉందని నిపుణుల అంచనా. ఆ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఇదేదో మూలనున్న చిన్న సమస్యని ఎవరూ అనలేరు.

మామూలు గాయం మానడానికి ఒక క్రమం ఉంది. ముందు నెత్తురు గడ్డకడుతుంది. తర్వాత తెల్లకణాలు వచ్చి క్రిముల్ని, చచ్చిన కణాల్ని శుభ్రం చేస్తాయి. వాపు, ఎరుపు కనిపించేది అప్పుడే. ఆ పని ముగిశాక కొత్త నాళాలు, కొత్త కండ పుడతాయి. చివరికి చర్మం కమ్ముకుంటుంది. మొండి పుండు రెండో దశలోనే ఆగిపోతుంది. వాపు తగ్గదు. తెల్లకణాలు విడిచే ఎంజైములు కొత్తగా పుడుతున్న కండనీ, కండ పెరగమని కణాలకు చెప్పే గ్రోత్ ఫ్యాక్టర్లనీ కరిగించేస్తుంటాయి. అలాంటి గ్రోత్ ఫ్యాక్టర్ ఒకదాన్ని జెల్‌గా పుండు మీద పూసే మందును అమెరికా 1997లోనే ఆమోదించింది. దానితో కొందరికి మేలు జరిగింది కానీ, పంపేది ఒకే సంకేతం కావడంతో ఫలితం పరిమితంగానే ఉంది.

కొవ్వులోని కణాల పనితీరు వేరు. అవి స్వయంగా చర్మంగా మారిపోయేది తక్కువ, చుట్టూ ఉన్న కణాలను పనిలోకి దించేది ఎక్కువ. కొత్త రక్తనాళాలు మొలిపించే వీఈజీఎఫ్, కణాలను చావనివ్వకుండా కాపాడే హెచ్‌జీఎఫ్, ఇంకా ఎన్నో ఒకేసారి విడుస్తాయి. వాపును ఎగదోస్తున్న మాక్రోఫేజ్‌లనే తెల్లకణాలను మరమ్మతు చేసే రకంగా మారుస్తాయి. రెండో దశలో చిక్కుకుపోయిన పుండుకు కావలసింది సరిగ్గా ఇదే.

కొవ్వు విలువ నిన్న మొన్న బయటపడిందీ కాదు. 1893లోనే జర్మన్ సర్జన్ గుస్తావ్ నాయ్‌బర్ చేతి నుంచి చిన్న కొవ్వు ముక్కలు తీసి ముఖం మీద గుంటపడిన మచ్చను పూడ్చాడు. 1964లో అమెరికా శాస్త్రవేత్త మార్టిన్ రాడ్‌బెల్ కొవ్వును కొల్లాజినేజ్ అనే ఎంజైముతో విడదీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పే పద్ధతిని ప్రచురించాడు. కొవ్వు కణాలు పైకి తేలాయి. మిగతా కణాలన్నీ అడుక్కి చేరాయి. ఆయనకు కావలసినవి పైన తేలినవే. హార్మోన్లు ఇచ్చే సంకేతం కణం లోపలికి ఎలా చేరుతుందో శోధించి 1994లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. అడుగున చేరిన కణాలకు అలాంటి గుర్తింపు చాలా కాలం దక్కలేదు. 2001లో లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాట్రీషియా జుక్, ఆమె సహచరులు లైపోసక్షన్ కొవ్వు నుంచి తీసిన ఆ అడుగు కణాలను పెంచి, అవి ఎముకగా, మృదులాస్థిగా, కండరంగా మారగలవని చూపించారు. అప్పుడు గానీ ప్రపంచం వాటివైపు తలతిప్పి చూడలేదు.

తర్వాతి పని వైద్యులు అందుకున్నారు. ఇటలీలోని వెరోనాలో గినో రిగోట్టి బృందం 2007లో 20 మంది రోగుల వివరాలు ప్రచురించింది. క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నాక చర్మం మాడి, పుండ్లు పడి, ఏం చేసినా మానని మనుషులు వాళ్లు. వాళ్ల సొంత కొవ్వునే శుద్ధి చేసి ఆ చోట ఎక్కిస్తే కొత్త నాళాలు పుట్టుకొచ్చి, దెబ్బతిన్న కణజాలం తేరుకుంది. 2019లో ఇటలీలోనే ఇంకో అధ్యయనం వచ్చింది. షుగర్ వల్ల పాదం ముందు భాగం కొంత తీసేయాల్సి వచ్చిన 114 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యం. రెండో గుంపుకు దానితో పాటు వాళ్ల కొవ్వునే సన్నగా తునకలు చేసి గాయం చుట్టూ ఎక్కించారు. ఆరు నెలలకు కొవ్వు ఎక్కించినవాళ్లలో 80 శాతం మందికి గాయం మానింది. మామూలు వైద్యం అందుకున్నవాళ్లలో మానింది 46 శాతానికే.

నన్ను ఎక్కువగా కదిలించింది నికరాగువా. మధ్య అమెరికాలో ఒక పేద దేశం అది. లియోన్ నగరంలో అమెరికన్ సర్జన్ మైకేల్ కార్స్టెన్స్ స్థానిక వైద్యులతో కలిసి 63 మంది షుగర్ రోగులకు వైద్యం చేశారు. అందరివీ మూడు సెంటీమీటర్లు దాటిన మొండి పుండ్లు. అందరూ కాలు తీసేయాల్సినవాళ్ల జాబితాలో ఉన్నవాళ్లే. వాళ్ల కొవ్వు తీసి, ఎంజైముతో కణాలు వేరు చేసి, మూడు కోట్ల కణాలను పుండు అడుగున, అంచుల్లో, పాదంలోకి వచ్చే ధమనుల వెంట సూదితో ఎక్కించారు. ముగ్గురికి మొదట్లోనే కాలు తీసేయాల్సి వచ్చింది. మొదటి ఆరు నెలల్లో ఒకరు, తర్వాతి ఆరు నెలల్లో అయిదుగురు చనిపోయారు. ఏడాది తిరిగేసరికి 50 మందికి పుండు పూర్తిగా మూసుకుంది. 2021లో ఈ ఫలితాలు ప్రచురించారు. పోల్చి చూడడానికి ఇంకో గుంపు లేకపోవడం ఆ అధ్యయనంలో లోటే, ఆ మాట దాచను. అయినా కాలు తీసేయాలని నిర్ణయమైపోయిన 63 మందిలో 50 మందికి పుండు మానడం పక్కన పెట్టేయదగ్గ సంగతి కాదు.

మరి ఎందుకు పక్కన పెట్టాం? మొదటి కారణం, దీనికి యజమాని లేడు. రోగి కొవ్వు రోగిదే. సీసాలో నింపి, లేబుల్ అంటించి, దేశమంతా అమ్మడానికి వీల్లేదు. అమ్మకం లేనిచోట కోట్లు ఖర్చుపెట్టి పెద్ద ట్రయల్ చేయడానికి కంపెనీ ముందుకు రాదు. బెంగళూరుకు చెందిన స్టెంప్యూటిక్స్ కంపెనీ దాతల ఎముక మజ్జ నుంచి తయారుచేసిన స్టెంప్యూసెల్ మందుకు, కాళ్లకు రక్తం అందని జబ్బు కోసం, 2020లో మన ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. మంచిదే. ఆ మందు కోసం ట్రయళ్లు చేసి, ఫైలు కదిపి, అనుమతి అడగడానికి ఒక కంపెనీ ఉంది. రోగి పొట్ట మీదున్న కొవ్వు తరఫున అడిగేవాళ్లు లేరు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఊరికే అనలేదు.

రెండో కారణం, మూలకణాల పేరు చెప్పి దోచుకున్నవాళ్లు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్ చూపు తగ్గుతున్న ముగ్గురు మహిళల దగ్గర ఒక్కొక్కరికి 5,000 డాలర్లు తీసుకుని, కొవ్వు నుంచి తీసిన కణాలను ఒకే రోజు రెండు కళ్లలోకీ ఎక్కించింది. వాళ్ల చూపు పోయింది. 2017లో వైద్య పత్రికలు ఆ దారుణాన్ని బయటపెట్టాయి. మన దేశంలోనూ ఆటిజం నుంచి మోకాళ్ల అరుగుదల దాకా అన్నింటికీ మూలకణాలే మందని చెప్పుకుని లక్షలు గుంజిన కేంద్రాలు ఉన్నాయి. అందుకే ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో గట్టి గీత గీసింది. రక్త సంబంధ జబ్బులకు మజ్జ మార్పిడి లాంటివి తప్ప, మిగతా మూలకణ చికిత్సలన్నీ అనుమతి పొందిన ట్రయల్‌లోనే చేయాలి. 2019 నాటి కొత్త మందుల నిబంధనలు కూడా బాగా మార్పు చేసిన కణాలను కొత్త మందుగానే లెక్కిస్తున్నాయి. ఈ కట్టడి అవసరమే. నేను దాన్ని సడలించమని అడగడం లేదు. అయితే ట్రయల్ దారిని చట్టం మూయలేదు. ఆ దారిలో నడిచే ప్రభుత్వ ఆసుపత్రులే కరువయ్యాయి. దొంగల వల్ల చెడ్డపేరు వచ్చిందని ఒక మంచి చికిత్సను పరీక్షించడం కూడా మానేస్తే, నష్టపోయేది దొంగలు కాదు, మా డ్రెస్సింగ్ గదిలోని పెద్దాయన.

మూడో కారణం చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది. ఇదే కొవ్వు ఇంకోచోట పనికిరానిది కాదు. మన నగరాల్లోని కాస్మెటిక్ క్లినిక్కుల్లో దాన్ని జాగ్రత్తగా కడిగి, వడగట్టి, బుగ్గలు నింపడానికి, కళ్ల కింద గుంటలు పూడ్చడానికి వాడుతున్నారు. అందులో తప్పులేదు, ఆ పని చేసే సర్జన్లంటే నాకు గౌరవమే. కానీ కొవ్వును ఎలా తీయాలో, ఎలా శుద్ధి చేయాలో, ఎలా ఎక్కించాలో మనవాళ్లకు బాగా తెలుసనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. చేతనైన విద్య కాలి పుండు దాకా రాకపోవడానికి ఇంకో కారణం కనిపిస్తోంది. కాలి పుండు పేదవాడిది. వాసన వస్తుంది. దాన్ని మాన్పినందుకు పేరు రాదు, డబ్బూ రాదు. ఆసుపత్రిలో డ్రెస్సింగ్ గది వరండా చివరన ఉంటుంది. డ్యూటీ అందరికన్నా జూనియర్‌కు పడుతుంది. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల్లో కాలు తీసే ఆపరేషన్‌కు ధర రాసి ఉంది. ఆ కాలును సొంత కణాలతో నిలబెట్టగలమా అని తేల్చే ప్రయత్నానికి మాత్రం బడ్జెట్‌లో చోటు లేదు.

అభ్యంతరాలు నాకు తెలుసు. షుగర్ ఉన్నవాళ్ల కణాలు బలహీనంగా ఉంటాయంటారు. కొంత నిజమే. అయితే ఇటలీలో, నికరాగువాలో మానినవి షుగర్ రోగుల పుండ్లే, మాన్పినవి వాళ్ల కణాలే. బక్కపలచని కూలీకి కొవ్వెక్కడిదంటారు. సన్నని మనిషికీ పొట్ట కిందో తొడ లోపలో కొంత దొరుకుతుంది, ఈ చికిత్సకు కావలసింది అందం కోసం తీసేంత కాదు. ఇంకో హెచ్చరిక అందరికన్నా ముందు నేనే చెబుతాను. దాతల కొవ్వు నుంచి తయారైన అలోఫిసెల్ అనే మందును పేగు జబ్బులో వచ్చే భగందరాలకు యూరప్ 2018లో ఆమోదించింది. రెండో పెద్ద ట్రయల్‌లో అది నెగ్గలేదు. 2024 చివర్లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. చిన్న అధ్యయనాల ఆశలు పెద్ద ట్రయల్‌లో కూలిపోవచ్చు. నేను పెద్ద ట్రయల్ అడుగుతున్నది అందుకే. రక్తనాళం మూసుకుపోయిన కాలికి, చీము పట్టిన ఎముకకు, పుండు మీదే నడిచే మనిషికి కొవ్వు కణాలొక్కటే చాలవు. ఆ మామూలు వైద్యమంతా సక్రమంగా జరిగాక కూడా మొండికేసిన పుండు గురించే నా వాదన.

ఖర్చు భరించలేమనేవాళ్లకు హైదరాబాద్‌నే చూపిస్తాను. గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఎల్‌.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, సున్నమో యాసిడో పడి నల్లగుడ్డు పాడైన కళ్లకు రోగి మరో కంటి అంచు నుంచి తీసిన మూలకణాలతోనే చికిత్స చేస్తున్నారు. మొదట్లో ఆ కణాలను ప్రయోగశాలలో పెంచాల్సి వచ్చేది. వీరేందర్ సాంగ్వాన్, ఆయన సహచరులు ఆ అవసరం లేకుండా చేశారు. మంచి కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని చిన్న తునకలు చేసి, పాడైన కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొర మీద అతికించారు. పెంచే పని కంటికే వదిలేశారు. 2012లో ప్రచురించిన ఆ పద్ధతి ఇవాళ ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది. సొంత కణాలతో, ఖరీదైన ల్యాబు లేకుండా, పేదవాడికి అందే వైద్యం చేయొచ్చని ప్రపంచానికి నేర్పింది మన నగరమే.

కొవ్వు విషయంలోనూ అలాంటి సులువైన దారి ఉంది. 2019 ఇటలీ అధ్యయనంలో ఎంజైము వాడలేదు. సెలైన్ నిండిన మూసి ఉన్న గొట్టంలోకి కొవ్వును పంపి, లోపలి స్టీలు గోళీలతో కలిపి చేత్తో ఊపుతారు. నూనె, నెత్తురు కొట్టుకుపోయి, మిల్లీమీటరు కూడా లేని కొవ్వు తునకలు మిగులుతాయి. కణాలు వాటి గూటిలోనే, వాటి నాళాలతోనే ఉంటాయి. థియేటర్ బల్ల పక్కనే పని అయిపోతుంది. కొవ్వు తీయడానికి పూర్తి మత్తు కూడా అక్కర్లేదు. 1987లో జెఫ్రీ క్లైన్ అనే అమెరికన్ చర్మవైద్యుడు ప్రచురించిన పద్ధతిలో, పలచన చేసిన మత్తుమందు నీళ్లను చర్మం కింద నింపి కొవ్వు తీయొచ్చు. గుండె బలహీనంగా ఉన్న షుగర్ రోగులకు అది పెద్ద వెసులుబాటు.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు నా విన్నపం. ఉస్మానియా, గాంధీ, నిమ్స్, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, తిరుపతి స్విమ్స్. ఈ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జన్లున్నారు, మొండి పుండ్లకు కొదవ లేదు. ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతితో, నైతిక కమిటీల పర్యవేక్షణలో, ఒకే పద్ధతిలో, ఒక గుంపుకు మంచి మామూలు వైద్యం, రెండో గుంపుకు దానితో పాటు సొంత కొవ్వు ఎక్కించి ట్రయల్ చేయండి. ఎవరికి ఏది చేశారో తెలియనివాళ్లు పుండును కొలవాలి. ఏడాది తర్వాత ఎన్ని కాళ్లు మిగిలాయో లెక్క బయటపెట్టాలి. నా తోటి ప్లాస్టిక్ సర్జన్లను కూడా అడుగుతున్నాను. ముఖాలకు చూపిస్తున్న ఆ శ్రద్ధలో కొంత అరికాళ్లకు ఇవ్వండి.

కాలి పుండుతో బాధపడే కుటుంబాలకు ఒక మాట. ట్రయల్ బయట ఈ చికిత్స చేస్తామని, లక్షలు కట్టమని ఎవరన్నా అడిగితే వెళ్లకండి. అనుమతి ఉన్న ట్రయల్‌లో రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. రోజూ అరికాళ్లు చూసుకోండి, వంగలేకపోతే అద్దం పెట్టుకోండి. చిన్న పుండని ఊరుకోకండి. ఆసుపత్రికి వెళ్లినప్పుడు, కాలు తీసేయడానికి ముందు ఇంకేం దారులున్నాయని అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే పాలకులకు వినిపిస్తుంది.

పెద్ద ట్రయల్ సక్రమంగా చేసి, సొంత కొవ్వు కణాలతో లాభం లేదని తేలిస్తే ఆ తీర్పుకు తల వంచుతాను. పరీక్షించకుండానే పనికిరాదని పక్కన పడేయడం మాత్రం వైద్యం కాదు, అన్యాయం.